పనితీరు సమాచారం - ఆలోచనా పక్షపాతం

ప్రభుత్వ సంస్థల పనిని అంకెలలో కొలిచి చెప్పే వివరాలను పనితీరు సమాచారం అంటారు. రైళ్ళ సమయపాలన శాతం, పాఠశాలల ఉత్తీర్ణతా శాతం ఇందుకు ఉదాహరణలు. ఈ అంకెలను చదివే అధికారి మనస్సు తనకు తెలియకుండానే ఒక వైపు మొగ్గి, పొరపాటు నిర్ణయానికి రావడాన్ని ఆలోచనా పక్షపాతం అంటారు. ఇది అవినీతి కాదు; నిజాయితీపరులలోను, విద్యావంతులలోను కనిపించే మానవ సహజ లక్షణం. ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ప్రచురించిన వ్యాసం తరువాత ఇటువంటి పరిశోధనలు విస్తరించాయి.

ముఖ్యమైన రకాలు

* నమ్మకాన్నిబట్టి చదవడం: ముందే ఉన్న అభిప్రాయాన్ని బలపరచే అంకెలనే అంగీకరించడం.
* చెప్పే తీరుకు లోబడడం: "నూటికి 90 రైళ్ళు సమయానికి వచ్చాయి" అన్నా, "నూటికి 10 రైళ్ళు ఆలస్యమయ్యాయి" అన్నా విషయం ఒక్కటే. కాని మొదటి వాక్యం తృప్తిని, రెండవది ఆందోళనను కలిగిస్తుంది.
* తొలి అంకెను పట్టుకోవడం: మొదట చూసిన అంకెనే, ఉదాహరణకు నిరుటి శాతాన్నే, కొలబద్దగా భావించడం.

రైల్వే సమయపాలన

సికింద్రాబాదులోని రైలు నిలయం, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయం. ఇతర జోన్‌లలో వలెనే ఇక్కడ కూడా సమయపాలన ఒక ముఖ్య కొలమానం. భారతీయ రైల్వేలో రైలు చివరి స్టేషనుకు చేరిన సమయాన్నిబట్టి ఈ శాతాన్ని లెక్కిస్తూ వచ్చారు. సికింద్రాబాదులో ఆగిపోయే రైలొకటి కాజీపేటకు అరగంట ఆలస్యంగా వచ్చి, కాలపట్టికలో ఉన్న అదనపు వ్యవధి వల్ల గమ్యానికి వేళకే చేరిందనుకుందాం. లెక్కలో అది సకాలంలో నడిచిన రైలు. కాజీపేటలో మరో బండి అందుకోవలసిన ప్రయాణీకునికి మాత్రం బండి తప్పిపోయింది.

2020 జూలై 1న దేశంలో తొలిసారిగా 100 శాతం సమయపాలన సాధించామని రైల్వే ప్రకటించింది. కోవిడ్ ఆంక్షల కారణంగా ఆనాడు నడిచినవి 201 రైళ్ళు మాత్రమే. మామూలు రోజులలో ప్రయాణీకుల రైళ్ళు వేల సంఖ్యలో నడుస్తాయి. అంకె నిజమే. పట్టాలపై రద్దీ లేదన్న సంగతి మరచి, సామర్థ్యమే పెరిగిందని భావిస్తే అది పక్షపాతమవుతుంది.

పరిశోధన

2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో డెన్మార్కు స్థానిక ప్రజాప్రతినిధులకు రెండు పాఠశాలల ఫలితాలు చూపి, ఏది మెరుగో చెప్పమన్నారు. పాఠశాలలకు అక్షరాలు మాత్రమే పేర్లుగా ఉన్నపుడు ఎక్కువమంది సరిగా చెప్పారు. ఒకటి ప్రభుత్వ, మరొకటి ప్రైవేటు పాఠశాల అని తెలిపినపుడు తమ రాజకీయ మొగ్గునుబట్టి పొరబడినవారు పెరిగారు.

నివారణ

శాతంతో పాటు మొత్తం సంఖ్యను, కొలిచిన పద్ధతిని గమనించాలి. వీలైతే పేర్లు తొలగించి ఫలితాలను ముందుగా పరిశీలించాలి. ఏ ఫలితం వస్తే ఏమి చేయాలో అంకెలు అందక ముందే వ్రాసి ఉంచుకోవడం మంచిది.