వార్తల్లో పదం: బిడ్డింగ్ జోన్

డేటా సెంటర్ ఎక్కడ కట్టాలన్న చర్చల్లో వినిపిస్తున్న మాట ఇది. టోకు మార్కెట్లో కరెంటు ఒకే ధర పలికే ప్రాంతాన్ని బిడ్డింగ్ జోన్ అంటారు. జోన్ల మధ్య లైన్ల సామర్థ్యం చాలనప్పుడు మిగులు ఉన్నచోట ధర పడిపోతుంది, కొరత ఉన్నచోట పెరుగుతుంది.

స్వీడన్‌నే తీసుకుందాం. 2011 నవంబరు 1న ఆ దేశాన్ని నాలుగు జోన్లుగా విడదీశారు. ఉత్తరాన జనం తక్కువ, జలవిద్యుత్ ఎక్కువ. దక్షిణాన వాడకం ఎక్కువ. పైగా అక్కడి బార్సెబెక్ అణు కేంద్రం 2005లో పూర్తిగా మూతపడింది. అందుకే ఉత్తరాన కరెంటు సాధారణంగా చవక. ఫేస్‌బుక్ 2013లో ఐరోపాలో తన తొలి డేటా సెంటర్‌ను ఆర్కిటిక్ వలయానికి దగ్గర్లోని లూలియోలో తెరిచింది. లూలె నది మీది జలవిద్యుత్ అందుబాటులో ఉంది. సర్వర్లను చల్లబరచడానికి బయటి చలిగాలి ఉంది. గ్రిడ్ ఎంత నమ్మకమైనదంటే, డీజిల్ జనరేటర్లను బాగా తగ్గించుకోగలిగారు.

ఉత్తరాది మిగులు కరెంటుకు ఇప్పుడు పోటీ పెరిగింది. పక్కనే బోడెన్‌లో హైడ్రోజన్‌తో ఉక్కు చేసే కర్మాగారం కడుతున్నారు. దానికీ ఆ కరెంటే కావాలి. డేటా సెంటర్లకు ఇచ్చిన విద్యుత్ పన్ను రాయితీని స్వీడన్ 2023లో ఎత్తేసింది. సరైన పనే చేసింది. అదే కరెంటుతో ఉక్కు కర్మాగారం చాలా ఎక్కువమందికి పని ఇస్తుంది.

మన పవర్ ఎక్స్ఛేంజీల్లోనూ ఇలాంటి జోన్లున్నాయి, వాటిని బిడ్ ఏరియాలంటారు. విశాఖలో గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన గిగావాట్ స్థాయి డేటా సెంటర్ విషయంలోనూ భూమి కంటే ముందు అడగాల్సింది లైన్ల గురించి: అవి ఎక్కడి నుంచి వస్తాయి, వాటి ఖర్చు ఇళ్ల బిల్లుల మీద ఎంత పడుతుంది?