రిపోర్టు నార్మల్, దడ మాత్రం నిజం

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాక చాలామంది విద్యార్థులకు రాత్రిపూట ఉన్నట్టుండి గుండె దడ మొదలవుతుంది. అరచేతులు చెమటలు పడతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి అందనట్టుంటుంది. ఫోన్లో వెతికితే ముందుగా కనిపించేది గుండెపోటు. మర్నాడు ఈసీజీ తీయిస్తే డాక్టరు "ఏమీ లేదు, టెన్షన్ పడకు" అని పంపేస్తారు. ఆ ఊరట ఒక పూటే. ఏమీ లేకపోతే ఈ దడ ఎక్కడిదన్న అనుమానం మళ్లీ మొదలవుతుంది.

అడగాల్సిన ప్రశ్నే అది. భయం కలిగినప్పుడు మెదడు శరీరాన్ని పరుగుకో పోరాటానికో సిద్ధం చేస్తుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగించి కడుపులో తిప్పుతుంది. ఎదురుగా ఉన్నది పామా, బ్యాక్‌లాగ్ సబ్జెక్టా అన్న తేడా ఈ ఏర్పాటుకు తెలియదు. ఊపిరి వేగంగా తీసేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దానివల్ల మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత కుంచించుకుని తల తేలిపోతుంది, పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆక్సిజన్ సరిపడా ఉన్నా చాలడం లేదనిపించేది ఇందుకే. ఈ ఉధృతి సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, తర్వాత దానంతటదే తగ్గుతుంది.

కనుక "అంతా నీ భ్రమ" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయడం అన్యాయం. లక్షణం నిజమే, దానికి మనం అంటగట్టిన జబ్బు పేరే తప్పు.

భయాన్ని నిలబెట్టేది మనం ఊరట కోసం చేసే పనులే. గంటగంటకూ నాడి పట్టుకు చూసుకోవడం, వాచీలో హార్ట్ రేట్ చూడటం, రూమ్మేట్‌ని పదేపదే అడగడం, ఇంకో ల్యాబులో ఇంకో టెస్టు చేయించడం. చూసుకున్న ప్రతిసారీ భయం కాస్త తగ్గుతుంది. దాంతో చూసుకోవడం వల్లే గండం తప్పిందని మెదడు నమ్ముతుంది. పైగా గుండె మీదే ధ్యాస పెట్టి కూర్చుంటే మామూలు కొట్టుకోవడం కూడా పెద్దగా వినిపిస్తుంది. ఒక్కో రోగం గురించి చదివేకొద్దీ అది తమకే ఉందేమోనని మెడికల్ విద్యార్థులు కూడా భయపడుతుంటారు.

ఇందులోంచి బయటపడాలంటే ముందు ఒక్కసారి ఒక్క డాక్టరు దగ్గర సరైన పరీక్ష చేయించుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా దడ తెప్పిస్తాయి, అవి మామూలు రక్తపరీక్షల్లో తేలిపోతాయి. నడిచినా మెట్లెక్కినా ఛాతీనొప్పి వస్తున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా టెన్షనే అనుకుని ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవేవీ లేక రిపోర్టులు బాగుంటే మళ్లీ టెస్టుల జోలికి పోవద్దు. నాడి చూసుకోవాలనిపిస్తే పది నిమిషాలు ఆగండి, రేపు ఇరవై. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే వదలడం నిదానంగా సాగనివ్వండి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ సగం దాకా రాత్రి పదకొండుకీ ఒంట్లోనే ఉంటుంది. నైటవుట్లు చేస్తూ కాఫీ మీద కాఫీ తాగితే దడ రాకుండా ఉండదు.

ఇంత చేసినా చదువూ నిద్రా దెబ్బతింటుంటే సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి. ఈ రకం భయానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ బాగా పనిచేస్తుందని రుజువైంది. ఇలాంటి సాయం కాలేజీలోనూ దొరకాలి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వందమంది లేదా అంతకుమించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నది వాటిలో ఒకటి. మీ కాలేజీలో ఆ కౌన్సెలర్ గది ఎక్కడుందో అడగండి. లేకపోతే ఎందుకు లేదో ప్రిన్సిపాల్‌ని అడగండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈసారి అర్ధరాత్రి దడ పుడితే గూగుల్‌ని కాదు, ఈ నంబరులో మనిషిని అడగండి.