గడువు తీరిన పాస్‌పోర్టు

పదేండ్ల క్రిందట పుచ్చుకొన్న పాస్‌పోర్టు పట్టుచీరల మడతల క్రిందనో, పొలము దస్తావేజుల సంచిలోనో చేరి, మన ఇండ్లలో ఎవ్వరికిని జ్ఞప్తికి రాక పడియుండును. అమెరికాలోని కుమార్తెకు పురుటి దినములు దగ్గరపడినవని తెలిసిననాడో, దుబాయి వీసా వచ్చినదని ఏజెంటు కబురంపిననాడో దానిని వెలికిదీసి చూడగా, గడువు తీరుటకు నాలుగు మాసములే మిగిలియున్నవని తేలి, ఇల్లంతయు కలవరపడును. ఏలయన, చాల దేశములు తమ నేలపై కాలు మోపువాని పాస్‌పోర్టునకు ఇంకను ఆరు మాసముల గడువైన ఉండవలెనని నియమము పెట్టుకొన్నవి. కావున లోపలి పుటలో అచ్చయిన తేదీ ఏదైనను, వ్యవహారమున ఆ పుస్తకము అర్ధసంవత్సరము ముందుగనే చెల్లనిదగుచున్నది. గడువునకు ఒక సంవత్సరము ముందునుండియే క్రొత్తదానికై దరఖాస్తు పెట్టుకొనవచ్చునని మన ప్రభుత్వము అనుమతించియున్నను, ప్రయాణము మీదపడిన పిమ్మటగాని ఆ సంగతి చాలమంది చెవిని పడదు.

జనులు రెన్యువల్ అనుచున్న ఈ వ్యవహారమున పాత పుస్తకమునకు ముద్రవేసి గడువు పొడిగించుట యన్నది సాధారణముగ లేదు. పాతదానిని రద్దుచేసి, క్రొత్త నంబరుతో క్రొత్త పుస్తకమును ఇత్తురు. దరఖాస్తులో ‘రీ-ఇష్యూ’ అను గడినే ఎంచుకొనవలెను. పెద్దలకు 36 పుటల పుస్తకమునకు రుసుము 1,500 రూపాయలు, 60 పుటలదానికి 2,000 రూపాయలు, గడువు పదేండ్లు. పిల్లల పుస్తకము సాధారణముగ ఐదేండ్లకో, పదునెనిమిదవ ఏడు నిండువరకో, ఏది ముందైన దానివరకు చెల్లును. తలిదండ్రుల పుస్తకములు సరిగా నున్నవని నిశ్చింతగా నుండి, విమానపు టిక్కెట్లు కొన్న పిమ్మట పసివాని పుస్తకము గడువు దాటియుండుట చూచి నిర్ఘాంతపోయిన కుటుంబములు మన యెడ తక్కువ కావు.

ఇంతకును పాస్‌పోర్టు కార్యాలయపు గుమ్మమున మనము నిలుచునది యాచకులముగనా, హక్కుదారులముగనా యను ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు తెలుగువాడే యగుట మనము స్మరింపదగిన విషయము. 1967 వరకును ఈ దేశమున పాస్‌పోర్టు ఇచ్చుటకును నిరాకరించుటకును శాసనబద్ధమైన పద్ధతి యేదియు లేదు. అది ప్రభుత్వపు ఇచ్ఛానుసారము లభించు ప్రసాదమువలె నుండెను. తన పాస్‌పోర్టులను తిరిగి అప్పగింపుమని ఆజ్ఞాపింపగా ఒక వర్తకుడు సుప్రీం కోర్టునకు పోయెను. సత్వంత్ సింగ్ సాహ్నీ కేసుగా ప్రసిద్ధి కెక్కిన ఆ వ్యాజ్యమున, 1967 ఏప్రిల్‌లో, రాజమహేంద్రవరమున పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు, విదేశములకు పోవుటయు పౌరుని వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమేననియు, శాసనము లేక దానిని హరించుటకు ప్రభుత్వమునకు అధికారము లేదనియు అధికసంఖ్యాకుల తీర్పును వెలువరించిరి. ఐదుగురిలో ఇద్దరు న్యాయమూర్తులు ఏకీభవింపలేదు. అయినను తీర్పు తీర్పే. దాని ఫలముగనే ఆ యేడు జూన్ 24వ తేదీన పాస్‌పోర్టుల చట్టము అమలులోనికి వచ్చినది. సుబ్బారావుగారు ఆ ఏప్రిల్‌లోనే పదవిని వదలి, రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయిరి. గెలిచియున్నచో తమ తీర్పువలన పుట్టిన చట్టముపై తామే సంతకము చేసియుందురు గదా యని నాకు తోచుచుండును. పదేండ్ల పిమ్మట మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వము స్వాధీనము చేసికొనగా 1978 జనవరిలో వచ్చిన తీర్పు, శాసనముండుట మాత్రమే చాలదు, ఆ శాసనము నిర్దేశించు పద్ధతి న్యాయసమ్మతముగ నుండవలెనని మరియొక మెట్టు ముందుకు పోయినది.

హక్కు అంత దృఢమైనదైనచో ఆలస్యమేల కలుగవలెను? ఇక్కడ మొదట తెలిసికొనవలసినది, మన కాగితము ఒక్కచేతిలో నుండదనుట. పాస్‌పోర్టు సేవా కేంద్రమున ‘ఎ’ కౌంటరువద్ద ఫోటో తీసి, వ్రేలిముద్రలు పుచ్చుకొని, పత్రములను స్కాను చేయువారు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఉద్యోగులు. ‘బి’ కౌంటరున పత్రములను సరిచూచువారును, ‘సి’ కౌంటరున మంజూరు చేయువారును ప్రభుత్వోద్యోగులు. ఆ మీదట పోలీసు విచారణ రాష్ట్ర ప్రభుత్వపు పని. అచ్చువేయుట ప్రాంతీయ కార్యాలయము పని. ఇల్లు చేర్చుట తపాలావారి పని. ఒక్కొక్కరి గడియారము ఒక్కొక్క విధముగ నడచును. అందుచేతనే “పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు తొక్కిపెట్టారు” అని మనము సామాన్యముగ చేయు ఆరోపణ, పాస్‌పోర్టు ఆఫీసునకు ఇంకను చేరని ఫైలునుగూర్చియు కావచ్చును. ఆలస్యము ఏ చేతిలో చిక్కుకొన్నదో కనుగొనుటయే సగము చికిత్స.

తొలి ఆలస్యము స్లాటు దొరకుటలోనే యున్నది. కోవిడ్ మహమ్మారి తగ్గిన పిమ్మట, 2022, 2023 సంవత్సరములలో, ఆగిన ప్రయాణములన్నియు ఒక్కసారిగ కదలగా, హైదరాబాదులో వారముల తరబడి స్లాట్లు దొరకక, శనివారములందును కేంద్రములను తెరచి రద్దీ తగ్గింపవలసి వచ్చినది. దేశమున ఎక్కడనుండియైనను దరఖాస్తు చేసికొనవచ్చునను సదుపాయము 2018 నుండి అమలులోనున్నది గనుక, నగరపు కేంద్రములలో చోటు లేనప్పుడు, జిల్లా పట్టణములలోని ప్రధాన తపాలా కార్యాలయములలో 2017 నుండి వెలసిన చిన్న కేంద్రములలో చూచుట మేలు. పోలీసు విచారణ మాత్రము దరఖాస్తులో మీరు వ్రాసిన చిరునామావద్దనే జరుగును.

స్లాటు దొరకినవారిని బి కౌంటరు దాటనీయనిది తరచుగ పేరు. తెలుగువారికి ఈ యిబ్బంది ఒకింత ఎక్కువ. మన ఇంటిపేరు ముందుండును. టెన్త్ మెమోలో అది ‘కె.’ అని ఒక్క అక్షరముగ మిగులును. ఆధార్‌లో పూర్తిగ విచ్చుకొనును. బ్యాంకు పుస్తకములో వెనుకకు పోవును. వెంకట సుబ్బారావు ఒకచోట మూడు పదములు, ఒకచోట ఒకే పదము. వివాహమైన స్త్రీకి పుట్టింటిపేరు సర్టిఫికెట్లలోను, అత్తింటిపేరు ఆధార్‌లోను నిలిచియుండును. పాస్‌పోర్టు దరఖాస్తో, ఇంటిపేరునకు ఒక గడి, ఇచ్చిన పేరునకు ఒక గడి చూపి, పొడి అక్షరములు కూడదని శాసించును. ఊరివారికందరకును తెలిసిన ఒక్క మనిషి, కాగితములలో నలుగురై నిలుచును; ఆ నలుగురును ఒక్కడేనని సాక్ష్యము తెమ్మని అధికారి యడుగును. అధికారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. తప్పు, మనమెవ్వరమో ఒక్క తీరున వ్రాయించుకొనుట నేర్వని మన కాగితములదియు, ఒక శాఖ వ్రాసినదానిని మరియొక శాఖ చూడకుండ మనచేత పదేపదే వ్రాయించిన ప్రభుత్వములదియును.

ఈ గడుల సంగతి ఏదో లాంఛనమని తలంపరాదు. 2022 నవంబరులో యూఏఈ ప్రభుత్వము, పాస్‌పోర్టులో ఒకే పేరున్న విజిట్ వీసాదారులకు ప్రవేశము లేదని ప్రకటింపగా, ఇంటిపేరు గడిని ఖాళీగ వదలినవారు అవస్థ పడిరి. తండ్రి పేరో ఇంటిపేరో రెండవ పుటలో నున్నచో చాలునని తరువాత సడలించిరి. కావున పునర్జారీకి పోవునప్పుడే ఇంటిపేరును గడిలో నింపుకొనుటయు, దానికి ముందుగ ఆధార్, పాన్ పత్రములను టెన్త్ మెమోతో ఏకీభవింపజేయుటయు వివేకము. 2016 డిసెంబరు సవరణలతో కొన్ని చిక్కులు విడిపోయినవి: వివాహ ధ్రువపత్రము అక్కరలేదు, తల్లియో తండ్రియో ఒక్కరి పేరు చాలును. జన్మతేదీకి ఆధార్, పాన్, పాఠశాల పత్రము వంటివి అంగీకృతములు. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు మాత్రము జనన ధ్రువపత్రమే కావలెను.

తరువాత పోలీసువారు. చిరునామా, వివరములు మారనపుడు పునర్జారీలో విచారణ అక్కరలేదనియో, పుస్తకము ఇచ్చిన తరువాత జరుపవచ్చుననియో అధికారి నిర్ణయించుట కద్దు. మారినపుడు, గడువు తీరి చాలకాలమైనపుడు, విచారణ ముందే జరుగును. కేంద్రము ఆశించు వ్యవధి 21 దినములు. ఆ లోపల నివేదిక పంపినచో రాష్ట్ర పోలీసుశాఖకు ఒక్కొక్క దరఖాస్తునకు 150 రూపాయలు, దాటినచో 50 రూపాయలు చెల్లించు ఏర్పాటు పెట్టిరి. నిదానించిన పోలీసుశాఖకు నూరు రూపాయల నష్టము! ఆ నష్టము స్టేషను స్థాయి ఉద్యోగి జేబును తాకదు గనుక, దానివలన ఎంత వేగము కలుగునో పాఠకులే ఊహింపగలరు. అయినను పోలీసు నివేదిక ప్రతికూలముగనో అసంపూర్ణముగనో పోవుటకు తరచుగ కారణము దురుద్దేశము కాదు. కానిస్టేబులు వచ్చిన వేళకు ఇంటికి తాళము, ఇచ్చిన ఫోను నంబరు పనిచేయకపోవుట, ఆధార్‌లో సొంతవూరు, నివాసము మాదాపూరు హాస్టలు. ఉద్యోగముకొరకు నగరములో నుండు యువకుడు తలిదండ్రుల ఊరి చిరునామా వ్రాసి, విచారణకు వచ్చినవానితో తండ్రిచేత “అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడండీ” అనిపించినచో, అక్కడ అతడు నివసించుట లేదను నివేదిక వ్రాయుట తప్ప ఆ కానిస్టేబులు చేయగలది యేమున్నది? ఇక చాయ్‌పానీల సంగతి అందరెరిగినదే; ఈ విచారణకు దరఖాస్తుదారుడు పోలీసులకు చెల్లింపవలసినది ఒక్క పైసయు లేదు.

న్యాయస్థానమున క్రిమినల్ కేసు నడచుచున్నవారి దారి వేరు. చట్టములోని ఆరవ సెక్షను ప్రకారము వారికి పాస్‌పోర్టు నిరాకరింపవచ్చును. కాని ఆ కోర్టు అనుమతి తెచ్చుకొన్నచో, 1993 ఆగస్టు 25 నాటి ప్రకటన ననుసరించి, కోర్టు చెప్పినంత కాలమునకు, ఏమియు చెప్పనిచో ఒక సంవత్సరమునకు ఇత్తురు. ఎఫ్‌ఐఆర్ నమోదు మాత్రమే యై, కోర్టు కేసును విచారణకు స్వీకరింపనిచో అది ఈ నిరోధము క్రిందికి రాదని విదేశాంగశాఖయే వివరించియున్నది. దంపతుల కలహములో పెట్టిన కేసును దాచి దరఖాస్తు నింపువారు మన ప్రాంతమున నున్నారు; దాచుట ప్రత్యేకముగ నేరమై, పన్నెండవ సెక్షను క్రింద శిక్షార్హము. కేసుకన్న దాపరికమే ఎక్కువ కాలము పీడించును.

తత్కాల్ గూర్చి రెండు మాటలు చాలును: అదనముగ 2,000 రూపాయలు చెల్లించి, పోలీసు నివేదికకై వేచియుండకుండ కొలది దినములలో పుస్తకము పొందు మార్గమిది; కాని పత్రములలో పేరు పొసగనివానికి ఎంత సొమ్ము చెల్లించినను తత్కాల్ సహాయపడదు.

ఫైలు కదలనప్పుడు ఏమి చేయవలెను? ‘సి’ కౌంటరు దాటి బయటికి వచ్చునపుడిచ్చు రసీదులో ఫైల్ నంబరుండును. దానితోను పుట్టినతేదీతోను ప్రభుత్వపు వెబ్‌సైటులో చూచినచో, ఫైలు పోలీసులవద్ద నున్నదో, నివేదిక వచ్చి పరిశీలనలో నున్నదో, అచ్చునకు పోయినదో తెలియును. పోలీసులవద్ద నున్నచో సేవా కేంద్రము చుట్టు తిరుగుట నిష్ప్రయోజనము. ఎస్పీ కార్యాలయములోని, నగరములలోనైనచో కమిషనరేటులోని, స్పెషల్ బ్రాంచికి పోవలెను. నివేదిక వచ్చియు ఆగినచో ప్రాంతీయ కార్యాలయమున విచారణ అపాయింట్‌మెంటు తీసికొని, పత్రములతో స్వయముగ పోవుట ఉత్తమము. అక్కడను సమాధానము రానిచో, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో, ‘నా ఫైలు ఏ తేదీన ఏ అధికారివద్ద నుండెను’ అని అడుగుడు. 30 దినములలో జవాబు చెప్పవలెను. ఎందుకు ఆలస్యమైనదని అడుగుటకన్న ఎవరివద్ద నున్నదని అడుగుటలో బలమెక్కువ: మొదటి ప్రశ్నకు సంజాయిషీ వచ్చును, రెండవదానికి పేరు వచ్చును.

కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫునకు పోవు శ్రామికులకు పునర్జారీ మరియొక అవకాశమును గూడ ఇచ్చుచున్నది. పదవ తరగతి పూర్తిచేయనివారి పాస్‌పోర్టుపై ‘వలస తనిఖీ అవసరము’ అను ఈసీఆర్ ముద్ర పడును. 1983 వలస చట్టము ననుసరించి, నిర్ణీతమైన 18 దేశములకు ఉద్యోగమునకై పోవువారికి ఆ ముద్రయున్నచో వలసల అధికారి అనుమతి కావలెను. తరువాత ఓపెన్ స్కూలు ద్వారా టెన్త్ పాసైనవారును, విదేశమున మూడేండ్లకు పైగా నివసించినవారును పునర్జారీ వేళ దానిని తొలగింపజేసికొనవచ్చును. పాస్‌పోర్టును తనవద్ద నుంచుకొన్న యజమాని గడువు తీరువరకు ఈయకపోవుట గల్ఫులో తరచు వినబడు బాధ. పాస్‌పోర్టు ఎల్లవేళల భారత ప్రభుత్వపు ఆస్తియని పదునేడవ సెక్షను చెప్పుచున్నది గనుక, అట్టివారు దౌత్య కార్యాలయమును ఆశ్రయింపవచ్చును.

అమెరికాలో ఉద్యోగము చేయు మనవారి చిక్కు సూక్ష్మమైనది. హెచ్-1బి అనుమతి మూడేండ్లకున్నను, విమానాశ్రయపు అధికారి పాస్‌పోర్టు గడువు తేదీవరకే నివాసమును కుదించి ఐ-94 అను ప్రవేశపత్రములో వ్రాయుట కలదు. ఆ తేదీని గమనింపక, చేతిలోని అనుమతిపత్రమునే నమ్ముకొన్నవారు తమకు తెలియకయే అక్రమ నివాసులగుదురు. స్వదేశమునకు వచ్చి తిరిగిపోవుటకు ముందుగనే క్రొత్త పుస్తకము తీసికొనుట అందుచే శ్రేయస్కరము. రద్దయిన పాత పుస్తకమును మూల కత్తిరించి తిరిగి యిత్తురు. అందులోని అమెరికా వీసాకు గడువు మిగిలియున్నచో అది చెల్లును గనుక, ప్రయాణమున రెండు పుస్తకములను వెంట నుంచుకొనవలెను.