ఎఱ్ఱచందనపు వనము

కడప సీమలోని పాలకొండలు, లంకమల, శేషాచల శ్రేణులు ఎఱ్ఱచందనమునకు పుట్టినిండ్లు.

బోడియైన నేలపై మొదట గడ్డి మొలచును. పిదప రేగు, బలుసు వంటి ముండ్లపొదలు లేచును. వాని చాటున వృక్షజాతుల మొలకలు తలయెత్తి, క్రమముగా అడవియగును.

ఎఱ్ఱచందనము నరికినను మోడునుండి మరల చిగుర్చును. కాని చేవదేరుటకు దశాబ్దములు పట్టును. దొంగలు నరుకునవి చేవగల ముదురు చెట్లే. విత్తనములను సమృద్ధిగా నిచ్చునవియు నవియే. ఇక ఎండలు హెచ్చి, వానలు తప్పి, కార్చిచ్చు మాటిమాటికి రేగినచో లేతమొక్కలు మాడును. గడ్డియు ముండ్లపొదలునే మిగులును.

2010వ సంవత్సరమున శేషాచలమును జీవావరణ రక్షితప్రదేశముగా ప్రకటించిరి. అయినను చిచ్చు రేగకుండ, మొలకలను పశువులు మేయకుండ చూడవలసినవారు కొండక్రింది ఊళ్లవారు కూడ. విద్యార్థులారా! రేపటి అడవి నేటి మొలకలలోనే యున్నది.