పేడలో కోడిపెంట కలుపవచ్చునా?

గోబరుగ్యాసు తొట్టిలో పశువుల పేడయే వేయవలెనా, కోడిపెంట, మేకపెంటికలు పనికిరావా అని విద్యార్థులు అడుగుచుందురు. పనికివచ్చును, పాలెరిగి కలుపవలెను.

పేడలో తూకమున నత్రజని ఒక పాలైనచో కర్బనము సుమారు 25 పాళ్లుండును. మీథేను పుట్టించు సూక్ష్మజీవులకు ఇది చక్కగా సరిపడును. ఆ జీవులు కూడ పశువు కడుపునుండి పేడతోనే వచ్చును. కోడిపెంటలో కర్బనము సుమారు 10 పాళ్లే. మిగులు నత్రజని అమోనియాగా మారి, హెచ్చినచో ఆ జీవులనే అణచివేయును. వాయువు తగ్గి పొయ్యి ఆరును.

కనుక క్రొత్త తొట్టిని పేడతోనే ప్రారంభింపవలెను. తొలిదినముల వాయువు మండకున్న బెంగ వలదు. అందు బొగ్గుపులుసు గాలి హెచ్చు. మంట నిలిచిన పిదప కోడిపెంటను కొద్దికొద్దిగా చేర్చవచ్చును. పెంటికలను మాత్రము నానబెట్టి చిదుపవలెను. లేనిచో తేలి తెట్టె కట్టును. అమోనియా ఘాటు తగిలినచో కోడిపెంట మాని, కొన్నాళ్లు పేడనీళ్లే పోయవలెను.