కారు క్రింది పలక: ఉంచవలెనా, తీయవలెనా?

నాతో కలసి చదువుకొనిన మిత్రుడొకడు ఉద్యోగరీత్యా జర్మనీ దేశమున స్థిరపడినాడు. యంత్రములన్న అతనికి మొదటినుండియు మక్కువ. కొన్ని సంవత్సరముల క్రిందట 1991 నాటి పోర్షే 911 స్పోర్ట్సు కారును కొని, దానిని కన్నబిడ్డవలె చూచుకొనుచున్నాడు. ఇటీవల అతడు నాకొక ప్రశ్న వ్రాసినాడు. "ఇంజను క్రింద బిగించిన పలకను తీసివేయుమని ఒక మెకానిక్కు చెప్పుచున్నాడు. తీసినచో కారు పాడగునని మరియొకడు చెప్పుచున్నాడు. నీవు భౌతికశాస్త్రము చదివినవాడవు గదా, ఏమందువు? ఉంచమందువా, తీయమందువా?" ఒక్క మాటలో చెప్పదగిన జవాబు కాదది. ఆ జవాబునే ఇక్కడ విపులముగా చెప్పుచున్నాను.

మనము కారు పైభాగమును చూతుము గాని అడుగుభాగమును చూడము. పైన అద్దమువలె నున్నగానుండు కారునకు అడుగున గొట్టములు, ఇరుసులు, సైలెన్సరు, ఇంజను అడుగుభాగము ఎగుడుదిగుడుగా ఉండును. వీటిని కప్పుచు ప్లాస్టిక్కుతోగాని, అల్యూమినియముతోగాని చేసిన పలుచని పలకలను బోల్టులతో బిగింతురు. మన షెడ్డులలో వీటిని అండర్ కవర్లందురు. రాళ్ళు తగులకుండుటకు, బురద చిమ్మకుండుటకు మాత్రమే ఇవి ఉన్నవని చాలమంది అభిప్రాయము. అది వీటి పనిలో ఒక భాగము. కారు క్రిందుగా పోవు గాలికి దారి చూపుట రెండవ భాగము. స్పోర్ట్సు కారు విషయమున ఈ రెండవదానికే ప్రాధాన్యము హెచ్చు.

గాలి కంటికి కానరాదు గాని వేగముగా పోవువానికి అది గోడవలె అడ్డుపడును. కారు వేగము రెట్టింపైనచో గాలి ప్రతిఘటన నాలుగు రెట్లగును. దానిని త్రోసికొని పోవుటకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. అడుగుభాగము ఎగుడుదిగుడుగా ఉన్నచో గాలి ప్రతి మూలకును తగిలి, సుడులు తిరిగి, కారును వెనుకకు లాగును. చదునైన పలక ఉన్నచో అది సాఫీగా జారిపోవును.

కారు క్రిందినుండి పోవు గాలికి ఎంత బలమున్నదో పందెపు కార్లు లోకమునకు చాటినవి. ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ నెలకొల్పిన లోటస్ సంస్థవారు 1977, 1978 సంవత్సరములలో తమ పందెపు కార్ల అడుగుభాగమును విమానపు రెక్కను తలక్రిందులు చేసిన ఆకారమున మలచిరి. క్రిందినుండి పోవు గాలి వేగము హెచ్చి, దాని ఒత్తిడి తగ్గి, కారు రోడ్డునకు హత్తుకొనిపోయెను. మారియో ఆండ్రెట్టి 1978 లో ఆ కార్లతోనే ప్రపంచ విజేత అయినాడు. మలుపులలో వేగములు ప్రమాదకరముగా పెరుగగా, 1983 నుండి ఫార్ములా వన్ పందెపు కార్లకు అడుగుభాగము చదునుగా ఉండవలెనని నిబంధన విధించిరి. అడుగుభాగపు ఆకారము ఒక క్రీడ నిబంధనలనే మార్చినదన్నమాట.

ఇక మిత్రుని కారు సంగతి. కర్మాగారమున 964 అను సంఖ్యతో వ్యవహరింపబడిన ఈ తరపు 911 కారు 1989 లో వెలువడినది. దాని ముందు తరపు కారునకు గాలి ప్రతిఘటన గుణకము దాదాపు 0.39. దీనికి 0.32. చూపునకు రెండు కార్ల రూపమును ఇంచుమించు ఒక్కటే. తేడా ఎక్కడనుండి వచ్చినది? బంపర్లను నునుపు చేసిరి. వెనుకనుండు చిన్న రెక్క గంటకు 80 కిలోమీటర్ల వేగము దాటగానే దానంతట అదియే పైకి లేచునట్లు చేసిరి. అడుగుభాగమును పలకలతో కప్పిరి. కావున ఆ పలకలు తరువాత ఎవరో తగిలించిన అలంకారములు కావు. కారు రూపకల్పనలో అవి భాగములు. ఇంజను శబ్దము బయటకు వినబడకుండ కొంతవరకు అణచునదియు ఆ పలకయే. "ఉంచవలెను" అను మెకానిక్కు వాదమునకు బలము ఇదియే.

అయినను "తీయవలెను" అనువాడు తెలివితక్కువవాడు కాడు. ఆ కారు ఇంజనును చల్లబరచునది నీరు కాదు, గాలి. వెనుకనున్న పెద్ద ఫ్యాను పైనుండి గాలిని పీల్చి, సిలిండర్ల చుట్టునుగల సన్నని రెక్కల నడుమనుండి క్రిందికి త్రోయును. వేడెక్కిన ఆ గాలి ఇంజను క్రిందినుండి బయటకు పోవలెను. సరిగా అచ్చటనే పలక ఉన్నది. వంటింటి పొగగొట్టమును సగము మూసినచో పొగకు దారి ఇరుకైనట్లే వేడి గాలికిని దారి ఇరుకగును. పలకలో గాలి పోవుటకు సందులుంచిరి. కారు వేగముగా పోవునప్పుడు ఎదురుగాలి ఆ వేడిని లాగికొని పోవును. పట్టణపు రద్దీలో, మండువేసవిలో, కారు అడుగడుగునను ఆగుచున్నప్పుడు ఆ లాగెడి గాలి ఉండదు. వేడి అచ్చటనే నిలిచి రబ్బరు గొట్టములను, తీగలను, సీళ్ళను త్వరగా ముసలివి చేయును. అంత నెమ్మదిగా పోవునప్పుడు పలకవలన గాలి ప్రతిఘటనలో కలుగు లాభము కూడ స్వల్పమే.

"నూనె ఉష్ణోగ్రతను చూపు ముల్లు పెరుగుటలేదు, కనుక పలకవలన హాని లేదు" అని కొందరందురు. ఇచ్చట కొంత జాగ్రత్త అవసరము. ఆ ముల్లు చెప్పునది నూనె సంగతి మాత్రమే. ఈ కారులో నూనె ముందుభాగమునకు ప్రవహించి, అచ్చటి కూలరులో చల్లబడి తిరిగి వచ్చును. అందుచేత నూనె చల్లగా ఉన్నను ఇంజను చుట్టునుగల రబ్బరు, తీగలు వేడిగా ఉండవచ్చును. సాక్షి అబద్ధమాడుటలేదు, తాను చూచినదే చెప్పుచున్నాడు.

ఒక కారునకు చెప్పిన వైద్యము మరియొక కారునకు పనికిరాదు. ముందుభాగమున ఇంజను, రేడియేటరు ఉండి నీటితో చల్లబడు అనేక కార్లలో పలక చేయు పని ఇందుకు పూర్తిగా విరుద్ధము. రేడియేటరు ముందు గాలి ఒత్తిడి హెచ్చుగాను, వెనుక తక్కువగాను ఉన్నప్పుడే గాలి దాని గుండ పోవును. క్రింది పలక తీసివేసినచో ఆ తేడా చెదరి, చల్లబరచవలెనని తీసినదే వేడికి కారణము కావచ్చును. మరి 1996 లో వెలువడిన లోటస్ ఎలీజ్ కారును చూడుడు. జిగురుతో అతికిన అల్యూమినియము దూలములతో చేసిన దాని చట్రము బరువు 68 కిలోగ్రాములు మాత్రమే. అడుగు పలకలును అల్యూమినియమువే. అచ్చట భయము వేడిగురించి కాదు, తుప్పుగురించి. ఐరోపాలో శీతకాలమున మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు పలకపై నిలిచి, ఉక్కు బోల్టు అల్యూమినియమును తాకినచోట లోహమును తినివేయును. అట్టి కారునకు పలకను ఉంచుటయే మంచిది; కాని ఏటేట విప్పి, కడిగి, ఆరబెట్టి మరల బిగింపవలెను.

ఇక నూనె కారుటగురించి. పాత ఇంజనులలో నూనె కొద్దిగా కారుట సహజము. పలక ఉన్నచో ఆ నూనె దానిలో చేరి, ఎండుటాకులతోను ధూళితోను కలసి, వేడి సైలెన్సరునకు సమీపమున ఉండును. నిప్పునకు అంతకంటె అనువైన చోటు లేదు. పలక తీసినచో ఆ నూనె రోడ్డుపై పడును. వెనుక ద్విచక్రవాహనముపై వచ్చువాడు, అందును తొలకరి జల్లు పడిన వేళ, ఆ చుక్కలపై జారిపడవచ్చును. పలకను ఉంచినంతమాత్రమున గాని, తీసినంతమాత్రమున గాని నూనె కారుట ఆగదు. మొదట నూనె కారుచోటును బాగుచేయవలెను. పలక సంగతి తరువాత ఆలోచింపవలెను. అట్లే ఒక ప్రక్క బోల్టు ఊడి పలక వ్రేలాడుచున్నప్పుడు కారును నడుపరాదు. వేగముగా పోవునప్పుడు అది ఊడి వెనుకవానిమీద పడగలదు.

ఈ విషయములన్నియు మిత్రునకు వ్రాసి, ఒక పరీక్షయు సూచించితిని. ఒకే దారిన, ఒకే విధమైన ఎండలో, ఒకనాడు పలకతోను, ఒకనాడు పలక లేకుండను కారు నడుపుము. నూనె ముల్లును మాత్రమే నమ్మక, ఇంజను గదిలో రెండు మూడు చోట్ల ఉష్ణమాపకములనుంచి అంకెలు వ్రాసికొనుము. ఇంజను క్రిందిదానిని తప్ప తక్కిన పలకలను కదపకుము. తీసినదానిని బోల్టులతో సహా భద్రపరచుము.

నెల దినములకు జవాబు వచ్చినది. పలక విప్పగానే అందులో గుప్పెడు ఎండుటాకులు, ఎవరో మెకానిక్కు ఎప్పుడో జారవిడిచిన ఒక చిన్న నట్టు దొరకినవట. వేసవిలో పట్టణపు దారులలో తిరుగునంతకాలము ఇంజను క్రింది పలకను తీసి ఉంచుటకును, శీతకాలమునకు ముందు దానిని కడిగి మరల బిగించుటకును అతడు నిశ్చయించుకొన్నాడు. "ఇద్దరు మెకానిక్కులును తమ మాటే నెగ్గినదనుకొనుచున్నారు" అని చివర వ్రాసినాడు. నిజమునకు ఇద్దరును సగము సగము ఒప్పే చెప్పిరి. ఏ కారు, ఏ దారి, ఏ ఋతువు అని మాత్రము ఇద్దరిలో ఎవరును అడుగలేదు.