కొర్రమీను పేగులో ముళ్ల తల పురుగు

కుందూలోనో, వెలుగోడు జలాశయంలోనో పట్టిన కొర్రమీనును నంద్యాలలో కొని తెచ్చారనుకుందాం. పొట్ట చీల్చగానే పేగులో తెల్లని సన్నని పురుగులు కనిపించాయి. చేపనంతా పారేయాలా? అక్కర్లేదు. పేగు తీసేసి, ముక్కలు బాగా ఉడికించుకుంటే ఆ చేపను నిశ్చింతగా తినవచ్చు.

ముందు ఈ పురుగు సంగతి. దీని వర్గాన్ని అకాంథోసెఫాలా అంటారు, అంటే ముళ్ల తల పురుగులు. ప్రపంచంలో సుమారు 1,300 జాతులున్నాయి, అన్నీ పరాన్నజీవులే. కొర్రమీనులో ఉండే పాలీసెంటిస్ నాగపూరెన్సిస్‌ను శాస్త్రవేత్త భలేరావు 1931లోనే వర్ణించారు. మన గోదావరి జెల్ల చేపలో దొరికిన మరో కొత్త జాతికి 2009లో రావోసెంటిస్ గోదావరెన్సిస్ అని పేరు పెట్టారు. కాబట్టి ఇది నిన్నామొన్న పుట్టుకొచ్చిన తెగులేమీ కాదు.

చేపల్లో ఉండేవి చాలావరకు బియ్యపు గింజంత నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దాకా ఉంటాయి. తల దగ్గర లోపలికీ బయటికీ కదిలే తొండం ఉంటుంది, దాని నిండా కొక్కేలు. నియోఎకైనోరింకస్ అనే రకంలో అవి సరిగ్గా 18, మూడు వరసల్లో ఆరేసి. వాటిని పేగు గోడలో దిగేసి వేలాడుతుంది. మరి తిండి? దీనికి నోరూ లేదు, పేగూ లేదు. చేప అరిగించుకున్న ఆహారాన్ని ఒంటి చర్మంతోనే పీల్చుకుంటుంది. పురుగులు కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది. ఎక్కువైతే పేగు లోపలి పొర పుండ్లు పడుతుంది.

చేపలోకి ఎలా వచ్చింది? గుడ్లు చేప మలంతో నీళ్లలో పడతాయి. సైక్లాప్స్ అనే, కంటికి చుక్కలా కనిపించే నీటి జీవి వాటిని మింగుతుంది. దాన్ని చిన్న చేప, చిన్న చేపను కొర్రమీను తింటాయి. ఇన్ని మెట్లు దాటి బతికేది ఏ కొన్నో. అందుకే గుడ్లు అన్నన్ని పెడతాయి. ఈ వర్గంలోని పెద్ద రకాల్లో ఒకటైన పంది పురుగు ఆడది రోజుకు 2,60,000 గుడ్లు పెడుతుందని లెక్క. అంటే రాత్రీ పగలూ, సెకనుకు మూడు.

సైక్లాప్స్ పేరు వినగానే పెద్దవాళ్లకు నారికురుపు గుర్తొస్తుంది. ఆ కురుపు తెచ్చే పురుగు నిజంగానే తాగే నీళ్లలోని సైక్లాప్స్‌తో వచ్చేది. దాన్నుంచి భారతదేశం విముక్తమైందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ముళ్ల తల పురుగుల దారి వేరు. మనుషుల్లో బయటపడిన కొద్ది కేసుల్లో ఎక్కువ భాగం పంది, ఎలుక రకాలవి. పేడపురుగులనో, బొద్దింకలనో మింగడం వల్ల వచ్చినవవి. జపాన్‌లో సముద్రపు చేపలను పచ్చిగా తిన్నవారిలోనూ కొన్ని కనిపించాయి.

మన వంటలో పచ్చి చేప తినే అలవాటు లేదు. ముక్క లోపలి దాకా 63 డిగ్రీల వేడి తగిలితే ఇలాంటి పరాన్నజీవులు చస్తాయి. కుతకుత ఉడికే పులుసు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేపుడులోనే జాగ్రత్త కావాలి: పైన ఎర్రగా వేగినా, ముక్క నడుమ కండ ముల్లు నుంచి విడిపోయేదాకా దించకండి. కొర్రమీను కాలేయంలోనూ ఎదగని పురుగుల తిత్తులు ఉంటాయి కనుక పేగుతోపాటు దాన్నీ తీసేయడం మంచిది.

ఈ పురుగుతో మనకో మేలూ ఉంది. జర్మనీలో ఒక నది చేపల పేగుల్లోని ముళ్ల తల పురుగులను పరీక్షిస్తే, చేప కండలో కన్నా వాటిలో సీసం 2,700 రెట్లు తేలింది. నీళ్లలో సీసం కొద్దిగా ఉన్నా ఈ పురుగు పట్టించగలదన్నమాట. ఊళ్ల మురుగు కలిసే కాలువలున్న మనలాంటి చోట ఇలాంటి పరీక్షలు తప్పక జరగాలి.

నంద్యాలవారికీ ఆళ్లగడ్డవారికీ ఒక్క మనవి. చేప పేగులను కేసీ కాలువలోనో, ఊరి చెరువులోనో వేయకండి. వాటిలోని ఆడ పురుగుల కడుపులో గుడ్లుంటాయి, ఆ నీళ్లలో సైక్లాప్స్ ఉంటాయి. గుంత తీసి మట్టిలో పూడ్చండి.